సెట్లర్ బయల్దేరితే షహర్‌లో ఒక మనిషి తగ్గుతాడు

సల్తనత్‌లు కట్టే కంప్యూటర్ ఆటల్లో ఓటమి జంగ్ మైదానంలో మొదలుకాదు. ఫౌజ్ వచ్చి గోడలు కూల్చడం ఆఖరి తమాషా. అసలు నుక్సాన్ మొదటి యాభై, అరవై టర్న్‌లలోనే జరిగిపోయి ఉంటుంది. ఏ షహర్‌కి ఏం తయారు చేయమని హుకుం ఇచ్చాం, దేన్ని వాయిదా వేశాం, కొత్త బస్తీ ఎప్పుడు వేశాం, ఎక్కడ వేశాం, ఫైసలా అక్కడే రాసేసి ఉంటుంది. ఏళ్ల తరబడి ఆడుతూ, మా ఇంటి పిల్లలు ఆడుతుంటే వెనక నిలబడి చూస్తూ నాకు కుదిరిన రాయ్ ఇది.

నేను చెబుతున్నది సిడ్ మేయర్ పేరు మీద వచ్చే 'సివిలైజేషన్' ఆట గురించి. మొదటిది 1991లో వచ్చింది. నేను ఇప్పటికీ ఆడేది 2005లో వచ్చిన నాలుగోది. మా ఆపా కొడుకు, అంటే నా భాంజా, ఆడేది 2016లో వచ్చిన ఆరోది. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: క్రీస్తుకు పూర్వం 4000లో చేతిలో ఒక గుంపు జనంతో మొదలుపెడతారు. ఒక షహర్ కడతారు. అక్కడి నుంచి అంతరిక్షం దాకా వెళ్లాలి. ఇది శతరంజ్ లాంటిది. మీ వంతు మీరు ఆడతారు, తర్వాత మిగతావాళ్లు ఆడతారు. వేళ్ల జోరుతో పని లేదు. అరగంట ఆలోచించి ఒక్క టర్న్ ఆడినా ఎవరూ ఏమీ అనరు. తుపాకులు ఠాఠా పేలే ఆటలతో దీన్ని ఒకే గాటన కట్టి "అన్నీ ఫుజూల్" అనే పెద్దవాళ్లతో నాకు పేచీ ఉంది. దాని మాట చివర్లో చెబుతాను.

ఆటలో ప్రొడక్షన్ అనే మాట చూసినప్పుడల్లా నా దిమాగ్‌లో మెదిలేది పైదావార్. ఉర్దూ మీడియంలో మఆషియాత్ పాఠం చెప్పిన మా ఉస్తాద్ ఆ మాటను బోర్డు మీద పెద్దగా రాసి కింద రెండు గీతలు గీసేవారు. డిగ్రీలో తెలుగులోకి వచ్చాక అదే 'ఉత్పత్తి' అయింది. నాకు మొదటి మాటే ఇష్టం. పైదా అవ్వడం అందులో ఉంది. ఒకటి పుట్టాలంటే ఏదో ఒకటి ఖర్చవ్వాలనే సంగతి కూడా అందులో వినిపిస్తుంది.

ఆట హిసాబ్ ఇలా ఉంటుంది. షహర్‌లో ఉన్న ఒక్కో మనిషీ చుట్టూ ఉన్న నేలలో ఒక్కో ముక్క మీద పని చేస్తాడు. గడ్డి నేల తిండి ఇస్తుంది, గుట్టలు పైదావార్ ఇస్తాయి. ఒక్కో మనిషి రెండు పాళ్ల తిండి తింటాడు. మిగిలిన తిండితో ఆబాదీ పెరుగుతుంది. పోగైన పైదావార్‌తో షహర్ ఒక వస్తువు తయారు చేస్తుంది. ఒకసారికి ఒకటే. సిపాహీ కావాలా, ధాన్యం కొట్టు కావాలా, సెట్లర్ కావాలా, ఎంచుకోండి. అందుకే ఇక్కడ వస్తువు ధర దాని పక్కన రాసిన అంకెలో ఉండదు. దాని కోసం వదులుకున్న ఇంకో వస్తువే దాని ధర.

ఒక మిసాల్ చెబుతాను. ఆరో ఆటలో స్టోన్‌హెంజ్ కట్టడానికి 180 పైదావార్ కావాలి. మొదటి సెట్లర్‌కి 80, రెండోదానికి 110. రెండూ కలిపితే 190. అంటే ఇంచుమించు అదే మెహనత్‌తో ఒక రాళ్ల ఇమారత్ వస్తుంది, లేదంటే రెండు కొత్త షహర్‌లు వస్తాయి. మా భాంజాకి ఇమారత్‌ల షౌక్. "మామూ, వండర్ కట్టేటప్పుడు వీడియో వస్తుంది" అంటాడు. నిజమే, రాళ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ చాలా ఖూబ్‌సూరత్‌గా కనిపిస్తాయి. డెబ్బయ్యో టర్న్‌కి చూస్తే వాడికి ఒక షహర్, ఒక రాళ్ల కుప్ప. పొరుగు రాజుకి నాలుగు షహర్‌లు. ఆ నాలుగూ ఒకేసారి తలా ఒక పని చేస్తుంటాయి. ఇక వాడు ఎంత అక్లమంద్ అయినా ఆ దూరం పూడ్చడం కష్టం. ఇంటి ముందు ఆర్చీ కట్టించి లోపల బాత్‌రూమ్‌కి తలుపు పెట్టనివాళ్లను మనం చూడలేదా ఏంటి.

ఇక సెట్లర్. ఈ ఆట మొత్తంలో నాకు అన్నింటికన్నా ఎక్కువ ఇన్సాఫ్‌గా అనిపించే నియమం దీనిదే. కొత్త షహర్ వేయడానికి బయల్దేరే ఆ గుంపు ఆకాశం నుంచి ఊడిపడదు. ఆరో ఆటలో సెట్లర్ తయారవ్వాలంటే ఆ షహర్‌లో కనీసం ఇద్దరు ఉండాలి. సెట్లర్ బయటికి రాగానే ఆబాదీలో ఒకరు తగ్గుతారు. ఇద్దరున్న షహర్ ఒక్కడిదవుతుంది. నిన్నటిదాకా ఇద్దరు పని చేసిన నేలలో సగం ఖాళీ. నాలుగో ఆటలో ఇది ఇంకా కఠినం. సెట్లర్ తయారవుతున్నంతసేపూ మిగులు తిండి కూడా ఆ పనికే పోతుంది, షహర్ అంగుళం కూడా పెరగదు.

పైగా ధర నిలకడగా ఉండదు. ఆరో ఆటలో మామూలు వేగం మీద ఒక్కో సెట్లర్‌కి 30 చొప్పున పెరుగుతుంది. మూడోది 140, ఏడోది 260. అందుకే తౌసీ, అంటే విస్తరణ, తొందరగా మొదలుపెట్టినవాడికి చవక, ఆలస్యం చేసినవాడికి మహంగా. దీనికి ఒక తోడు ఉంది. 'కాలనైజేషన్' అనే పాలసీ కార్డు పెట్టుకుంటే సెట్లర్ పని మీద పైదావార్ సగం అదనంగా వస్తుంది. టర్న్‌కి 6 ఇచ్చే చిన్న షహర్ 80 పూర్తి చేయడానికి 14 టర్న్‌లు తీసుకుంటుంది. కార్డు పెడితే 9 టర్న్‌లే. కాబట్టి ఆ కార్డు వచ్చేదాకా పహారా సిపాహీని, పొలం దున్నే బిల్డర్‌ని తయారు చేసుకుని, కార్డు రాగానే సెట్లర్‌లను వరసగా తీయాలి. కార్డు చేతికొచ్చాక కూడా ఇమారత్‌ల మీద కూర్చుంటే ఆ కార్డు దండగ.

సిపాహీ ఎందుకంటారా? ఒంటరిగా వెళ్లే సెట్లర్‌ని దారిలో గుంపులు ఎత్తుకుపోతాయి. ఆ గుంపులకు ఆట పెట్టిన పేరు 'బార్బేరియన్లు', అంటే జంగలీలు. ఆ మాట నాకు నచ్చదు. అప్పటికే ఆ నేల మీద డేరా వేసుకుని ఉన్నవాళ్లు వాళ్లు, వచ్చింది మనం. ఇలాంటి ఆటలకు '4ఎక్స్' అని పేరు పెట్టింది అలన్ ఎమ్‌రిచ్ అనే విమర్శకుడు, 1993లో. వెతుకు, విస్తరించు, పిండుకో, తుడిచిపెట్టు అని ఆ నాలుగు మాటలకు అర్థం. పిల్లలతో కూర్చున్నప్పుడు ఈ నాలుగో మాట గురించి ఒకసారి గుఫ్తగూ చేయండి. వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది, పెద్దవాళ్లే నసుగుతారు.

ఎప్పుడు అన్నదెంతో ఎక్కడ అన్నదీ అంతే. ఆరో ఆటలో నది ఒడ్డునో చెరువు పక్కనో షహర్ వేస్తే ఐదుగురికి మకాన్ దొరుకుతుంది. సముద్రం ఒడ్డున అయితే ముగ్గురికి. నీళ్లు లేని చోట ఇద్దరికే. ఆ పైన ఆబాదీ నత్తలా పెరుగుతుంది. చాలామంది కుర్రవాళ్లు బంగారు గని కనిపించిందని ఎండిన నేల మీద జెండా పాతేస్తారు. వంద టర్న్‌ల తర్వాత కూడా అక్కడ ముగ్గురే ఉంటారు.

ఈ నియమం రాసినవాళ్లకు మన గోల్కొండ కథ తెలుసో లేదో కానీ, తెలిసి రాసినట్టే ఉంటుంది. కోట కిక్కిరిసిపోయింది, నీళ్లకు తక్‌లీఫ్ అయింది, కాబట్టి మూసీ అవతలి ఒడ్డున కొత్త షహర్ వేశారని చదువుకున్నాం. మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాద్‌కి పునాది వేసింది 1591లో. అందరికీ గుర్తుండేది చార్మినార్. నాకు మాత్రం అంతకుముందు జరిగిందే ఎక్కువ గొప్పగా అనిపిస్తుంది. ఆయన తండ్రి ఇబ్రహీం కులీ కాలంలో, 1560లలో, హుస్సేన్ సాగర్ తవ్వారు. 1578లో మూసీ మీద పురానా పుల్ కట్టారు. అంటే షహర్ కన్నా పదమూడేళ్ల ముందు పుల్ ఉంది. చెరువు అంతకన్నా ముందే ఉంది. ఆట భాషలో చెప్పాలంటే సెట్లర్ కన్నా ముందే బిల్డర్ వెళ్లి దారి సాఫ్ చేసి వచ్చాడు. ఆట నియమం ప్రకారం అయితే గోల్కొండకు అంత దగ్గరలో రెండో షహర్ వేయనివ్వదనుకోండి, అది వేరే సంగతి.

సెట్లర్ లెక్క మన ఇళ్లకు కొత్తేం కాదు. కడప, రాజంపేట వైపైనా, నిజామాబాద్, కరీంనగర్ వైపైనా, ఒక కొడుకునో ఒక దామాద్‌నో దుబాయ్‌కో దమ్మామ్‌కో పంపని ఖాందాన్ ఎక్కడుంది? పంపేటప్పుడు వచ్చే రియాల్ లెక్క వేస్తాం. ఇంట్లో తగ్గే మనిషి లెక్క ఎవరూ వేయరు. దుకాణం షట్టర్ ఎత్తేది ఎవరు, అబ్బాని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేది ఎవరు, పిల్లల ఫీజు వరసలో నిలబడేది ఎవరు? ఆరుగురున్న ఇంటి నుంచి ఒకరు వెళ్లడం వేరు, ఇద్దరున్న ఇంటి నుంచి ఒకరు వెళ్లడం వేరు. ఆటలో అయితే తిండి మిగిలితే పది టర్న్‌లలో ఇంకో మనిషి పుట్టుకొస్తాడు, పైగా కొత్త షహర్ ఖజానా, పాత షహర్ ఖజానా ఒకటే. గల్ఫ్‌లో ఈ రెండు సదుపాయాలూ లేవు. గల్ఫ్‌కి వెళ్లొద్దని నేననను, ఎన్ని ఇళ్లు దానివల్లే నిలబడ్డాయో నాకు తెలుసు. తమ్ముడు పనికి ఎదిగిరాకముందే అన్నకు వీసా తీసే జల్దీబాజీ గురించే నా ఫికర్. చిన్న షహర్ నుంచి సెట్లర్‌ని తీయడమంటే అదే.

తొందరపడేవాళ్ల కోసం ఆటలో అడ్డదారులూ ఉన్నాయి. ఆరో ఆటలో బిల్డర్‌తో అడవి కొట్టిస్తే ఒక్క దెబ్బకు బోలెడు పైదావార్ వస్తుంది. ఉంచితే అదే అడవి టర్న్‌కి ఒకటి చొప్పున ఆఖరిదాకా ఇస్తుంది. మొదటి రెండు సెట్లర్‌ల కోసం కొట్టించడం నాకు సమ్మతమే. ముందొచ్చిన షహర్ తన ఖర్చు తనే తీసుకొస్తుంది కాబట్టి. మా భాంజా మాత్రం కనిపించిన చెట్టునల్లా నరికించి, ఆ పైదావార్‌ని మళ్లీ ఒక వండర్‌లో పోస్తాడు. బీవీ నగలు అమ్మి దుకాణం తెరిచినవాణ్ని సమర్థిస్తాను. అమ్మి బారాత్‌కి బ్యాండు పెట్టించినవాణ్ని ఎలా సమర్థించను?

నాలుగో ఆటలో ఇంకా భయంకరమైన అడ్డదారి ఉంది. 'స్లేవరీ' పాలసీ పెట్టుకుంటే ఒక బటన్ నొక్కి ఆబాదీలో ఒకరిని ఖర్చు చేసి 30 పైదావార్ తీసుకోవచ్చు. పది టర్న్‌ల పాటు షహర్‌లో నారాజీ ఉంటుంది, తర్వాత జనం మర్చిపోతారు. ఆట బాగా ఆడేవాళ్లంతా దీన్ని వాడతారు, లెక్క ప్రకారం అది లాభం కూడా. లెక్కకు లాభమైనది ప్రతిదీ చేయదగ్గది కాదని మీ పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి మౌకా దొరకదు. బటన్ మీద వేలు ఉన్నప్పుడే చెప్పండి, లెక్చర్ అనిపించదు.

హలాల్ అడ్డదారి కూడా ఒకటుంది, అది నాకు చాలా ఇష్టం. ఆరో ఆటలో విద్యకో, బజారుకో, కార్ఖానాకో ప్రత్యేకంగా ఒక మొహల్లా కట్టాలి. ఇల్మ్ పెరిగేకొద్దీ ఆ మొహల్లా ధర పెరుగుతుంది. కానీ నేల మీద ఒకసారి జాగా గుర్తు పెట్టేస్తే ఆ రోజు ధరే ఖాయం. తర్వాత ఇంకో పని చూసుకుని తీరిగ్గా వచ్చి కట్టుకోవచ్చు. బయానా ఇచ్చి రేటు కట్టించుకున్నట్టే. షహర్‌లో నలుగురయ్యారంటే రెండో మొహల్లాకి ఇజాజత్ వస్తుంది, ఏడుగురైతే మూడోదానికి. ఇజాజత్ వచ్చిన టర్న్‌లోనే జాగా పెట్టెయ్యాలి. ఈ ఒక్క అలవాటుతో మా భాంజా ఆట నెల రోజుల్లో మారిపోయింది.

ఇప్పుడు అసలు పేచీకి వస్తాను. ఎక్కడ ఆగాలి?

మొదటి ఆటల్లో ఆగనక్కర్లేదు. నేల కనిపించినచోటల్లా దగ్గర దగ్గరగా షహర్‌లు చల్లుకుంటూ పోయినవాడే గెలిచేవాడు. మూడో ఆటలో, 2001లో, దానికి కళ్లెం వేయడానికి అవినీతి పెట్టారు. పాయెతఖ్త్‌కి దూరంగా ఉన్న షహర్ సంపాదించినదంతా మధ్యలోనే మాయమయ్యేది. అది ఆడేవాళ్లకు విసుగే తెచ్చింది. సోరెన్ జాన్సన్ ముఖ్య రూపకర్తగా వచ్చిన నాలుగో ఆటలో లెక్క కుదిరింది. ప్రతి కొత్త షహర్‌కీ నిర్వహణ ఖర్చు ఉంటుంది. షహర్‌ల సంఖ్య పెరిగేకొద్దీ, రాజధాని నుంచి దూరం పెరిగేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. ఆమ్దనీలో ఎంత ఖజానాకి, ఎంత ఇల్మ్‌కి అని మీరే పంచుతారు. షహర్‌ల మీద షహర్‌లు వేస్తే ఇల్మ్‌కి వంద శాతం ఇచ్చినవాడు నలభైకి దిగాల్సి వస్తుంది. ఇంకా మొండికేస్తే ఖజానా ఖాళీ, జీతం అందక ఫౌజ్ చెదిరిపోతుంది. అదాలత్ కడితే ఆ షహర్ ఖర్చు సగానికి తగ్గుతుంది. అదాలత్ ఉన్నచోటే హుకూమత్ చవక అని చెప్పే ఈ చిన్న నియమం కోసమే నేను ఆ ఆటని వదల్లేదు.

ఇది ఎవరో కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. ఇబ్నె ఖల్దూన్ 1377లో రాసిన ముఖద్దిమాలో ప్రతి హుకూమత్‌కీ కొంత మేర ఇలాఖా మాత్రమే ఉంటుందని, దాన్ని దాటితే సరిహద్దులు కాయడానికి దాని సొంత మనుషులు చాలరని వివరించాడు. అంటే ఆయన కూడా లెక్క మనుషుల్లోనే వేశాడు, నేలలో వేయలేదు. మన నేల మీదే దీనికి పెద్ద మిసాల్ ఉంది. ఔరంగజేబ్ 1681లో దక్కన్‌కి దిగాడు. 1686లో బీజాపూర్, 1687లో గోల్కొండ అతని చేతికొచ్చాయి. నక్షాలో మొఘల్ సల్తనత్ అంత పెద్దగా అంతకుముందు ఎన్నడూ లేదు. కానీ ఆయన ఢిల్లీకి తిరిగి వెళ్లనేలేదు. 1707లో అహ్మద్‌నగర్‌లో ఇంతెఖాల్ అయ్యేదాకా ఇక్కడే మోర్చాల మధ్య గడిపాడు. గెలిచిన ఇలాఖాల అమీర్లను కొలువులోకి తీసుకోవాలి, మన్సబ్‌దార్లు పెరిగారు, ఇవ్వడానికి జాగీర్లు చాలలేదు. చరిత్రకారులు దీన్ని జాగీర్‌దారీ సంకటం అంటారు. నాలుగో ఆట ఆడిన ఏ కుర్రాడైనా 'ఇల్మ్ నలభైకి పడింది' అంటాడు.

ఐదో ఆట, 2010ది, దీన్ని ఇంకోలా చూసింది. ఒక్కో కొత్త షహర్‌తో జనంలో మూడు పాళ్ల నాఖుషీ. 2013లో వచ్చిన అదనపు భాగంతో ఒక్కో షహర్‌కీ ప్రతి ఇల్మ్ ధర 5 శాతం పెరిగింది. దాంతో అందరూ నాలుగు షహర్‌లు వేసి చేతులు కట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఆరో ఆట ఆ బందిష్ తీసేసింది. షహర్‌ల సంఖ్యకు ఇల్మ్‌లో జుర్మానా లేదు. ఎంత వేస్తే అంత మంచిది అన్నట్టు తయారైంది.

భాంజా ఒప్పుకోడు. "మామూ, ఖర్చు లేదని ఎవరన్నారు? ఒక్కో షౌక్ వస్తువు నాలుగు షహర్‌లకే చాలుతుంది, ఐదోది నారాజ్ అవుతుంది. దూరంగా వేస్తే వఫాదారీ తగ్గి పొరుగోడి వైపు ఎగిరిపోతుంది" అంటాడు. వఫాదారీ నియమం 2018లో వచ్చింది, మంచి నియమమే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ ఖర్చులు అంచుల్లో ఉన్న షహర్‌నే కొడతాయి. నడిమధ్య కూర్చున్న బాద్‌షాకి చురుకు తగలదు. నాలుగో ఆటలో అత్యాశ మోత మొత్తం సల్తనత్ మీద, అదే టర్న్‌లో పడుతుంది. పిల్లాడికి నేర్పాల్సిన లెక్క అదే అని నా రాయ్. 2025లో వచ్చిన ఏడోదైతే బస్తీల మీద ఒక హద్దు పెట్టింది, దాటితే జనం నాఖుష్. రేషన్ కార్డు మీద కోటా రాసినట్టుంది. ధర చూసి నేనే ఆగడం వేరు, పైన అంకె చూసి ఆగడం వేరు.

ఇక పెద్దవాళ్ల ఫిర్యాద్. "పిలిస్తే లేవడు, ఇంకొక్క టర్న్ అంటాడు" అని. ఆ ఫిర్యాద్ వాజిబే, దానికి కారణం కూడా పైదావార్‌లోనే ఉంది. ఆరు షహర్‌లు ఉంటే ఆరింటి పనీ ఒకే టర్న్‌లో పూర్తికాదు. ఒకదాని సెట్లర్ రెండు టర్న్‌లలో వస్తుంది, ఇంకోదాని ఇమారత్ మూడింటిలో, ఇంకోదాని మొహల్లా ఐదింటిలో. అన్నీ ఒకేసారి ఆగే చోటు అంటూ రాదు. ప్రతి టర్న్‌లోనూ ఏదో ఒకటి చేతికి రాబోతూ ఉంటుంది. కాబట్టి 'ఈ పని అయ్యాక లేస్తాను' అనే వాదా ఈ ఆటలో చెల్లదు. అయితే, ఒంటరిగా ఆడుతున్నప్పుడు అవతల ఎదురుచూసే మనిషి ఎవరూ లేరు. అజాన్ అయినా, దస్తర్‌ఖాన్ పరిచినా, ఉన్నచోటే సేవ్ చేసి లేవొచ్చు, నుక్సాన్ పైసా ఉండదు. లేవకపోతే ఆట లేవనివ్వలేదని చెప్పడం బహానా. మా ఆపాకి నేను చెప్పింది టర్న్ నంబర్ అడగమని. మొదలుపెట్టేటప్పుడు తెర మీద ఎంత ఉందో చూసి, "అరవై దగ్గర లేస్తావా, డెబ్బై దగ్గరా?" అని ముందే మాట తీసుకోమన్నాను. గడియారం మీద బేరమాడేవాడు టర్న్ మీద ఆడలేడు, అంకె అక్కడే కనిపిస్తుంటుంది. ఇప్పుడు వాళ్లింట్లో ఇదే నడుస్తోంది. వాడు డెబ్బై అంటాడు, ఆపా యాభై ఐదు అంటుంది, అరవై రెండు దగ్గర తెగుతుంది.